ఎకనామిక్స్ సీటు: ఏ మార్కుకు ఎంత బరువు

బ్రిటన్‌లో ఎకనామిక్స్ డిగ్రీ చదవాలనుకునే విద్యార్థి పంపే దరఖాస్తు ఒక్కటే. యూకాస్ అనే కేంద్ర సంస్థ ద్వారా అది గరిష్ఠంగా ఐదు కోర్సులకు వెళ్తుంది. అందులో జీసీఎస్‌ఈ గ్రేడ్లుంటాయి. ఇవి మన పదో తరగతి లాంటి పరీక్షలో వచ్చినవి. ఏ-లెవెల్‌లో చదువుతున్న సబ్జెక్టులు, వాటిలో ఎంత రావచ్చో ఉపాధ్యాయులు వేసిన అంచనా, ఉపాధ్యాయుల సిఫారసు లేఖ, విద్యార్థి తన గురించి రాసుకున్న వివరణ కూడా ఉంటాయి. ర్యాంకు ఉండదు, కౌన్సెలింగ్ ఉండదు. ఏ యూనివర్సిటీ సీట్లను ఆ యూనివర్సిటీయే తన కొలతల ప్రకారం నింపుకుంటుంది. ఇంగ్లండ్‌లో ఈ స్వేచ్ఛకు 2017 నాటి ఉన్నత విద్య, పరిశోధన చట్టం రక్షణ కల్పిస్తోంది.

ఎంసెట్ ర్యాంకు చూసి సీటు చెప్పేయడం అలవాటైన వారికి ఈ పద్ధతి తికమకగా అనిపిస్తుంది. మార్కులు ఎక్కువ వచ్చిన విద్యార్థికి సీటు రాకపోవడం, తక్కువ వచ్చినట్టు కనిపించే విద్యార్థికి రావడం ఇక్కడ మామూలే. అలాగని ఇందులో గూఢమేమీ లేదు. అడ్మిషన్ల విభాగం మార్కుల్ని కూడి చూడదు, విడదీసి చూస్తుంది. ఏ సబ్జెక్టులో వచ్చాయి, ఎలాంటి పరీక్షలో వచ్చాయి, నిజంగా వచ్చాయా లేక వస్తాయని అంచనానా, ఎలాంటి బడిలో చదివితే వచ్చాయి అన్న నాలుగు ప్రశ్నలు వేసుకుంటుంది. ఒకే గ్రేడ్‌కు బరువు పెరిగినా తగ్గినా ఈ నాలుగింటి వల్లే.

ఏ-లెవెల్ గ్రేడ్ ఎలా పుడుతుంది

ఇంగ్లండ్‌లో పదహారేళ్లు నిండిన విద్యార్థులు రెండేళ్లపాటు సాధారణంగా మూడు సబ్జెక్టులు మాత్రమే చదువుతారు. కొందరు నాలుగు తీసుకుంటారు. రెండేళ్ల చివర జరిగే ఏ-లెవెల్ పరీక్షల్లో గ్రేడ్లు ఏ-స్టార్ నుంచి ఈ వరకు ఉంటాయి. ఏ గ్రేడ్ తెచ్చుకునేవారు బాగా పెరిగిపోవడంతో, వారిలో మెరికల్ని వేరు చేయడానికి 2010లో ఏ-స్టార్‌ను తెచ్చారు. ఎకనామిక్స్ సీట్ల పోటీలో ఇప్పుడు అసలు గీత అదే.

గ్రేడ్‌కు ఇన్ని మార్కులు రావాలన్న నియమం ముందుగా ఉండదు. ప్రశ్నపత్రం ఎంత కష్టంగా వచ్చిందో చూసి, పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ పర్యవేక్షణలో బోర్డులు ఏటా హద్దులు నిర్ణయిస్తాయి. 2019లో ఎడెక్సెల్ బోర్డు మ్యాథ్స్ ఏ-లెవెల్‌లో ఏ గ్రేడ్‌కు 300కు 165 మార్కులు సరిపోయాయి. అంటే 55 శాతం. ఇంటర్‌లో లెక్కలకు నూటికి నూరు తెచ్చుకునేవారిని చూసిన తెలుగు పాఠకులకు ఇది ఎంత తక్కువో అనిపిస్తుంది. ఆ పేపర్ కొత్త సిలబస్‌తో, చాలా కఠినంగా వచ్చింది. దానిలో 55, మరో బోర్డు పేపర్‌లో 95 కంటే గట్టి మార్కు కావచ్చు. శాతాన్ని పేపర్‌తో కలిపి చదవాలన్నది అడ్మిషన్ల అధికారులకు మొదటి పాఠం.

కూడిక కంటే కూర్పు ముఖ్యం

గ్రేడ్లను అంకెల్లోకి మార్చే పట్టిక ఒకటి యూకాస్ దగ్గర ఉంది. దాని పేరు టారిఫ్. ఏ-స్టార్‌కు 56 పాయింట్లు, ఏకు 48, బీకి 40, సీకి 32, డీకి 24, ఈకి 16. చాలా యూనివర్సిటీలు ఈ పాయింట్లతోనే ప్రవేశాలిస్తాయి. పోటీ ఎక్కువగా ఉండే ఎకనామిక్స్ కోర్సులు మాత్రం సాధారణంగా వీటిని పక్కన పెట్టి, ఏ సబ్జెక్టులో ఏ గ్రేడ్ కావాలో నేరుగా చెబుతాయి.

తేడా ఎక్కడ వస్తుందో ముగ్గురు ఊహా విద్యార్థులతో చూడవచ్చు. ముగ్గురివీ మ్యాథ్స్, ఎకనామిక్స్, హిస్టరీ. మొదటి విద్యార్థికి మ్యాథ్స్‌లో ఏ-స్టార్, మిగతా రెండింటిలో ఏ. రెండో విద్యార్థికి హిస్టరీలో ఏ-స్టార్, మ్యాథ్స్, ఎకనామిక్స్‌లలో ఏ. మూడో విద్యార్థికి మ్యాథ్స్, ఎకనామిక్స్ రెండింటిలోనూ ఏ-స్టార్, హిస్టరీలో బీ. టారిఫ్ ప్రకారం ముగ్గురికీ వచ్చేవి సరిగ్గా 152 పాయింట్లే.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, అంటే ఎల్‌ఎస్‌ఈ, బీఎస్సీ ఎకనామిక్స్‌కు మామూలుగా అడిగేది ఒక ఏ-స్టార్, రెండు ఏలు. ఆ ఏ-స్టార్ మ్యాథ్స్‌లోనే రావాలి. ఈ షరతును తు.చ. తప్పకుండా దాటేది మొదటి విద్యార్థి ఒక్కరే. రెండో విద్యార్థికి ఏ-స్టార్ వచ్చింది కానీ రావలసిన చోట రాలేదు. మూడో విద్యార్థికి రావలసిన చోట వచ్చినా ఒక బీ అడ్డుపడింది. కేంబ్రిడ్జి మెట్టు ఇంకా ఎత్తు. అక్కడి ఎకనామిక్స్ కోర్సుకు రెండు ఏ-స్టార్లు, ఒక ఏ కావాలి, మ్యాథ్స్‌లో ఏ-స్టార్ తప్పనిసరి. మొదటి విద్యార్థి అక్కడ ఆగిపోతారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ ఒక్కటే చదివే డిగ్రీ లేదు. దాన్ని మేనేజ్‌మెంట్‌తోనో, తత్వశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతోనో, చరిత్రతోనో కలిపి చదవాలి. అందుకే అక్కడ గ్రేడ్ల షరతు కోర్సును బట్టి మారుతుంది.

లెక్కలకు అంత పెద్దపీట ఎందుకు

ఏ-లెవెల్‌లో ఎకనామిక్స్ చదవని విద్యార్థిని కూడా చాలా పేరున్న ఎకనామిక్స్ విభాగాలు చేర్చుకుంటాయి. మ్యాథ్స్ చదవని విద్యార్థిని చేర్చుకోవు. బయటివారికి వింతగా తోచే ఈ నియమానికి కారణం డిగ్రీ మొదటి ఏడాది పాఠాల్లో కనిపిస్తుంది.

బడిలో ఎకనామిక్స్ అంటే గిరాకీ, సరఫరా రేఖలు, ద్రవ్యోల్బణం, పన్నులు, వాటి మీద వ్యాసాలు. యూనివర్సిటీలో అడుగుపెట్టగానే అదే గిరాకీ రేఖ సమీకరణంగా మారుతుంది. ఉన్న ఆదాయంలో వినియోగదారుడు గరిష్ఠ తృప్తి ఎలా పొందుతాడో చెప్పడానికి పాక్షిక అవకలనాలు, లగ్రాంజ్ పద్ధతి కావాలి. కంపెనీ ఎంత సరుకు ఉత్పత్తి చేస్తే లాభం గరిష్ఠమవుతుందో తేల్చడానికి కాలిక్యులస్ కావాలి. రెండో ఏడాదికల్లా ఎకనోమెట్రిక్స్ వస్తుంది. చదువు ఒక ఏడాది పెరిగితే జీతం ఎంత పెరుగుతుంది, కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయా లాంటి ప్రశ్నలకు గణాంకాల నుంచి జవాబు రాబట్టే శాస్త్రం అది. సంభావ్యత, మాత్రికలు రానివారు అక్కడ తడబడతారు. ఎకనామిక్స్ సిద్ధాంతాలను మొదటి నుంచి బోధించడానికి విభాగాలు సిద్ధంగానే ఉంటాయి. కాలిక్యులస్‌ను అక్షరాభ్యాసం నుంచి నేర్పే తీరిక వాటికి ఉండదు.

అందుకే గ్రేడ్ల పట్టికలో మ్యాథ్స్ గ్రేడ్‌కు రెండు పనులు. ఒకటి అర్హత, అంటే ఆ సబ్జెక్టు చదివి ఉండటం. రెండోది ముందుచూపు, అంటే మొదటి ఏడాది గట్టెక్కగలరా లేదా అన్న సూచన. హిస్టరీ గ్రేడ్‌కు మొదటి పని లేదు. అలాగని దానికి విలువ లేకపోలేదు. వాదనను క్రమపద్ధతిలో రాయగలగడం ఎకనామిక్స్‌లోనూ అవసరమే. లెక్కల సబ్జెక్టులతో పాటు వ్యాసాలు రాసే సబ్జెక్టు ఒకటి ఉంటే ఆ దరఖాస్తు సమతూకంగా కనిపిస్తుంది.

అన్ని యూనివర్సిటీలూ ఇంత పట్టుపట్టవు. బీఏ ఎకనామిక్స్ పేరుతోనో, రాజనీతితోనో, వ్యాపార శాస్త్రంతోనో కలిపి నడిచే కోర్సుల్లో కొన్ని, జీసీఎస్‌ఈ స్థాయి మ్యాథ్స్‌లో మంచి గ్రేడ్ ఉంటే చాలంటాయి. మొదటి ఏడాది వాటిలో లెక్కలకు పునాది తరగతులు పెడతారు. డిగ్రీ పేరు ఒకటే అయినా లోపల ఎంత గణితం ఉందో ప్రవేశ షరతే చెప్పేస్తుంది. ఏ-లెవెల్ మ్యాథ్స్ అడగని కోర్సు చదివి, తరువాత గణితం ఎక్కువగా ఉండే మాస్టర్స్‌కు వెళ్లాలంటే అదనపు శ్రమ తప్పదు.

ఫర్దర్ మ్యాథ్స్ అనే చిక్కు

మ్యాథ్స్ ఏ-లెవెల్‌కు పైన ఫర్దర్ మ్యాథ్స్ అనే మరో ఏ-లెవెల్ ఉంది. సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, అవకలన సమీకరణాలు అందులో వస్తాయి. ఎకనామిక్స్ విభాగాలకు అది ఎంతో ఇష్టమైన సబ్జెక్టు. అయినా దాన్ని తప్పనిసరి చేయడానికి అవి వెనకాడతాయి. ఫర్దర్ మ్యాథ్స్ చెప్పే టీచర్లు అన్ని ప్రభుత్వ బడుల్లోనూ ఉండరు. దాన్ని షరతుగా పెడితే ప్రతిభ ఉండి కూడా బడిలో వసతి లేనివారికి తలుపు మూసినట్టే అవుతుంది. అందుకని ‘వీలుంటే చదవడం మంచిది’ అన్న ధోరణిలో సూచిస్తాయి. బడిలో అవకాశం ఉండి చదవకపోతే ఒకలా, అవకాశమే లేక చదవకపోతే మరోలా చూస్తాయి.

సబ్జెక్టుల ఎంపికలో ఇలా పైకి కనిపించని కొలతలు ఉన్నాయన్న ఫిర్యాదు పాతదే. పరిశోధనకు పేరుపడ్డ 24 యూనివర్సిటీల కూటమి రస్సెల్ గ్రూప్, 2011లో ఒక మార్గదర్శిని ప్రచురించి, ఎక్కువ కోర్సులకు దారి తెరిచే సబ్జెక్టుల జాబితా ఇచ్చింది. మ్యాథ్స్, ఫర్దర్ మ్యాథ్స్, సైన్సులు, చరిత్ర, భూగోళం, ఇంగ్లిష్ సాహిత్యం, భాషలు అందులో ఉన్నాయి. ఎకనామిక్స్ లేదు. ఆ జాబితాలో లేనివన్నీ తక్కువ రకమన్న అపోహ వ్యాపించడంతో 2019లో దాన్ని ఎత్తేశారు.

నాలుగో ఏ-లెవెల్ వల్ల లాభం ఎంత అన్నది విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న. షరతు సాధారణంగా మూడు సబ్జెక్టుల మీదే ఉంటుంది. నాలుగింటిలో ఏలు తెచ్చుకోవడం కంటే, మూడింటిలో ఏ-స్టార్లు తెచ్చుకోవడం మేలు. ఆ నాలుగోది ఫర్దర్ మ్యాథ్స్ అయితే మాత్రం లెక్క వేరు.

ఇంకా రాని మార్కులు

బ్రిటిష్ పద్ధతిలో అన్నిటికంటే విచిత్రమైన సంగతి, నిర్ణయం తీసుకునే నాటికి ఏ-లెవెల్ మార్కులు లేకపోవడం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు దరఖాస్తు గడువు అక్టోబర్ 15. ఒక ఏడాదిలో ఆ రెండింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి. మిగతా చాలా కోర్సులకు గడువు జనవరిలో ముగుస్తుంది. పరీక్షలు మే, జూన్‌లలో. ఫలితాలు ఆగస్టులో. కాబట్టి యూనివర్సిటీ ముందున్నవి ఉపాధ్యాయులు వేసిన అంచనా గ్రేడ్లు మాత్రమే. వాటిని చూసి యూనివర్సిటీ షరతుతో సీటు ఇవ్వజూపుతుంది. ఆగస్టులో ఆ గ్రేడ్లు నిజంగా వస్తేనే సీటు ఖాయం.

ఈ అంచనాలు ఎంతవరకు నిజమవుతాయి? యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన పరిశోధకురాలు గిల్ వైనెస్ 2016లో ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబిచ్చింది. మూడు ఉత్తమ ఏ-లెవెల్ గ్రేడ్లను కలిపి చూస్తే, అంచనా సరిగ్గా నిజమైనది 16 శాతం విద్యార్థుల విషయంలోనే. 75 శాతం మందికి వేసిన అంచనా వారికి వచ్చిన గ్రేడ్ల కంటే ఎక్కువ. మిగిలిన కొద్దిమందికి తక్కువ అంచనా వేశారు. ఆ కొద్దిమంది ఎవరన్నది ముఖ్యం. బాగా చదివే విద్యార్థుల్లో, పేద కుటుంబాల నుంచి వచ్చినవారికి తక్కువ అంచనా పడే అవకాశం ఎక్కువని తేలింది.

అంచనాల్లో ఉదారత సహజం. బడి తన విద్యార్థికి తలుపు మూయాలనుకోదు. అది యూనివర్సిటీలకూ తెలుసు. అందుకే అంచనాను వడపోతకు వాడుకుంటాయి గానీ, దానితోనే వరుస క్రమం కట్టవు. తమ షరతు కంటే తక్కువ అంచనా ఉన్న దరఖాస్తు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. షరతును అందుకున్నవారు సీట్ల కంటే చాలా ఎక్కువ మంది ఉంటారు కాబట్టి, వారిలో ఎంపికకు వేరే ఆధారం వెతకాలి.

పరీక్షా ఫలితాలు వచ్చాకే ప్రవేశాలు జరపాలన్న ప్రతిపాదన రెండు దశాబ్దాలుగా నలుగుతోంది. 2004లో స్టీవెన్ ష్వార్ట్జ్ అధ్యక్షతన వచ్చిన నివేదిక దాన్ని సమర్థించింది. 2021లో ప్రభుత్వం ప్రజాభిప్రాయం కోరింది. 2022లో ఆ ఆలోచన విరమించుకుంది. ఆగస్టు ఫలితాలకూ, సెప్టెంబర్, అక్టోబర్‌లలో మొదలయ్యే తరగతులకూ మధ్య అంత వ్యవధి లేకపోవడం పెద్ద అడ్డంకి.

2020లో అంచనాల మీద ఆధారపడటమంటే ఏమిటో దేశమంతా చూసింది. కరోనా వల్ల పరీక్షలు రద్దయ్యాయి. ఉపాధ్యాయులు ఇచ్చిన గ్రేడ్లను ఆఫ్‌క్వాల్ ఒక గణిత సూత్రంతో సవరించింది. బడి పాత ఫలితాలు ఆ సూత్రంలో ప్రధానాంశం. ఆగస్టు 13న ఫలితాలు వచ్చేసరికి ఇంగ్లండ్‌లో ఉపాధ్యాయులిచ్చిన గ్రేడ్లలో 39 శాతం దాకా కిందికి దిగాయి. ఇంతకుముందు మంచి ఫలితాల్లేని బడిలో చదివిన తెలివైన విద్యార్థి, బడి చరిత్రకు బలయ్యాడు. నిరసనలు వెల్లువెత్తడంతో నాలుగు రోజుల్లోనే, ఆగస్టు 17న, ఉపాధ్యాయుల గ్రేడ్లనే ఖాయం చేశారు. దాంతో పై గ్రేడ్లు ఒక్కసారిగా పెరిగాయి. 2019లో ఏ, ఏ-స్టార్ వచ్చిన పేపర్లు 25.4 శాతం. ఉపాధ్యాయులే గ్రేడ్లిచ్చిన 2021లో అవి 44.8 శాతం. షరతు నెరవేర్చినవారందరికీ సీటు ఇవ్వక తప్పని యూనివర్సిటీలు కిక్కిరిసిపోయాయి. ఆ తరువాత గ్రేడ్లను మెల్లమెల్లగా పాత స్థాయికి తెచ్చారు. 2024కు ఆ వాటా 27.8 శాతం.

గ్రేడ్ చాలనప్పుడు పరీక్ష

ఒకప్పుడు అంచనాలకు తోడుగా నిజమైన మార్కులు ఉండేవి. రెండేళ్ల ఏ-లెవెల్‌లో మొదటి ఏడాది చివర ఏఎస్ పరీక్షలు జరిగేవి. వాటి మార్కులు దరఖాస్తు నాటికి చేతిలో ఉండేవి. విద్యార్థి డిగ్రీలో ఎలా రాణిస్తాడో చెప్పడానికి అవి నమ్మకమైన సూచికలని కేంబ్రిడ్జి వాదించింది. 2015 నుంచి ఇంగ్లండ్‌లో అమల్లోకి వచ్చిన సంస్కరణలు ఏఎస్‌ను ఏ-లెవెల్ నుంచి విడదీశాయి. అన్ని మార్కులూ రెండేళ్ల చివరి పరీక్షలకే చేరాయి. బడులు మెల్లగా ఏఎస్ రాయించడం మానేశాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి కేంబ్రిడ్జి 2016లో ఎకనామిక్స్‌కు సొంత ప్రవేశ పరీక్ష పెట్టింది.

ఇప్పుడు దాని స్థానంలో టీఎంయూఏ ఉంది. యూనివర్సిటీ ప్రవేశాలకు గణిత పరీక్ష అన్నది దాని పూర్తి పేరు సారాంశం. కేంబ్రిడ్జి, ఇంపీరియల్ కాలేజ్ కలిసి పెట్టిన సంస్థ దీన్ని నడుపుతోంది. కేంబ్రిడ్జి, ఎల్‌ఎస్‌ఈ, వార్విక్ ఎకనామిక్స్ కోర్సులకు దీన్ని అడుగుతున్నాయి. రెండు పేపర్లు. ఒక్కొక్కటి 75 నిమిషాలు, 20 బహుళైచ్ఛిక ప్రశ్నలు. కాలిక్యులేటర్ వాడకూడదు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. మొదటి పేపర్ తెలిసిన లెక్కల్ని కొత్త సందర్భాల్లో వాడగలరా అని చూస్తుంది. రెండోది గణిత తర్కాన్ని పరీక్షిస్తుంది. ఒక వాదనలో లొసుగు ఎక్కడుందో, ఒక నిజం నుంచి మరో నిజం తప్పనిసరిగా వస్తుందో లేదో చెప్పాలి. స్కోరు 1.0 నుంచి 9.0 వరకు ఉంటుంది.

సిలబస్ ఏ-లెవెల్ మ్యాథ్స్ దాటదు. పరీక్ష విలువ సిలబస్‌లో లేదు, విడదీసే శక్తిలో ఉంది. 2024లో బ్రిటన్‌లో మ్యాథ్స్ ఏ-లెవెల్ రాసినవారు లక్ష దాటారు. వారిలో దాదాపు ఆరో వంతుకు ఏ-స్టార్ వస్తుంది. వేల మంది ఒకే గ్రేడ్‌తో నిలబడితే, వారిలో ఎవరు ముందో ఆ గ్రేడ్ చెప్పలేదు. దశాంశ స్థానం దాకా వచ్చే టీఎంయూఏ స్కోరు చెప్పగలదు. పైగా ఇది ఒకరు వేసిన అంచనా కాదు, విద్యార్థి స్వయంగా రాసిన పరీక్ష. దరఖాస్తు చూసే సమయానికే చేతికందుతుంది.

ఇంటర్వ్యూలు ప్రధానంగా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలోనే ఉంటాయి. అక్కడ ఒక గ్రాఫ్ గీయమనో, చిన్న ఆర్థిక సమస్యను సమీకరణంగా మార్చమనో అడుగుతారు. చిక్కుపడ్డప్పుడు సూచన ఇచ్చి, దాన్ని అందుకుని ముందుకెళ్లగలరా అని చూస్తారు. మిగతాచోట్ల ఆ పని వ్యక్తిగత వివరణ చేయాలి. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలకు జవాబులుగా రాయాలి. మొత్తం 4,000 అక్షరాలకు మించకూడదు. తక్కువ గ్రేడ్‌ను అది పైకి లేపలేదు. సమాన గ్రేడ్లున్న ఇద్దరిలో ఒకరివైపు మొగ్గేలా చేయగలదు.

ఎక్కడ చదివి తెచ్చుకున్నారు

ఒకే ఏ గ్రేడ్ రెండు బడుల్లో రెండు అర్థాలిస్తుంది. ఏటా సగం మందికి పైగా ఏ తెచ్చుకునే ఖరీదైన బడిలో అది సగటు. ఐదేళ్లకొకరు తెచ్చుకునే బడిలో అది అసాధారణం. అందువల్ల అడ్మిషన్ల విభాగాలు గ్రేడ్‌తో పాటు నేపథ్య సమాచారం కూడా చూస్తాయి. ఆ బడి సగటు ఫలితాలు, విద్యార్థి నివసించే ప్రాంతం నుంచి ఎంతమంది యూనివర్సిటీకి వెళ్తారు, బడిలో ఉచిత భోజనానికి అర్హత ఉందా, తల్లిదండ్రుల ఆసరా లేక ప్రభుత్వ సంరక్షణలో పెరిగారా వంటివి అందులో ఉంటాయి. అర్హులైనవారికి చాలా యూనివర్సిటీలు ఒకటి రెండు గ్రేడ్లు తగ్గించి సీటు ఇవ్వజూపుతాయి. ఎకనామిక్స్‌లో తగ్గింపు ఉన్నా, మ్యాథ్స్‌లో మంచి గ్రేడ్ మాత్రం అడుగుతారు.

ఇది దయ మాత్రమే కాదు, లెక్క కూడా. ఇంగ్లండ్ ఉన్నత విద్యా నిధుల మండలి 2014లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఒకే ఏ-లెవెల్ గ్రేడ్లతో చేరిన విద్యార్థుల్లో ప్రభుత్వ బడుల నుంచి వచ్చినవారు, ప్రైవేటు బడుల వారి కంటే డిగ్రీలో మెరుగైన ఫలితాలు సాధించారు. వసతుల్లేని చోట తెచ్చుకున్న గ్రేడ్ వెనక, పైకి కనిపించని సామర్థ్యం ఇంకొంత ఉంటుందన్నమాట. అయితే గ్రేడ్ తగ్గిస్తే మొదటి ఏడాది గణితంలో ఆ విద్యార్థికి ఆసరా ఇచ్చే బాధ్యత కూడా విభాగం మీదే పడుతుంది.

ఆగస్టులో తుది తూకం

అందిన అవకాశాల్లో విద్యార్థి రెండింటిని అట్టిపెట్టుకోవచ్చు. ఒకటి మొదటి ఎంపిక. రెండోది అది తప్పితే ఆదుకునేది, సాధారణంగా కాస్త తక్కువ గ్రేడ్లు అడిగేది. సీటు ఇవ్వజూపినవారందరూ రారనీ, వస్తామన్నవారిలో కొందరు గ్రేడ్ తప్పుతారనీ యూనివర్సిటీకి తెలుసు. అందుకే సీట్ల కంటే చాలా ఎక్కువ మందికి అవకాశమిస్తుంది. ఎంత ఎక్కువ అన్నది గత ఏళ్ల అనుభవంతో వేసే అంచనా.

ఫలితాల రోజు షరతు నెరవేరినవారికి సీటు హక్కు. ఒక గ్రేడ్ తప్పినవారి సంగతి ఆ ఏడాది ఖాళీలను బట్టి ఉంటుంది. సీట్లు మిగిలితే హిస్టరీలో ఏ బదులు బీ వచ్చిన విద్యార్థిని తీసుకోవచ్చు. మ్యాథ్స్‌లో ఏ-స్టార్ తప్పితే మాత్రం తలుపు తెరుచుకోవడం కష్టం. ఎక్కడా కుదరనివారు క్లియరింగ్ అనే ఏర్పాటు ద్వారా మిగిలిన సీట్లకు ప్రయత్నిస్తారు. అగ్రశ్రేణి ఎకనామిక్స్ కోర్సులు అక్కడ కనిపించడం అరుదు.

భారతీయ మార్కుల్ని ఎలా చదువుతారు

భారత్ నుంచి వచ్చే దరఖాస్తులో ఏ-లెవెల్‌కు బదులు పన్నెండో తరగతి మార్కులుంటాయి. చాలా యూనివర్సిటీలు వాటిని నేరుగా అంగీకరిస్తాయి. సమానార్హతల పట్టిక మాత్రం దేనిది దానికే. సీబీఎస్‌ఈ, ఐఎస్‌సీ బోర్డులకు ఒక శాతం, రాష్ట్ర బోర్డులకు అంతకంటే ఎక్కువ శాతం అడగడం పరిపాటి. రాష్ట్ర బోర్డుల్లో మార్కులు ధారాళంగా పడతాయన్న అభిప్రాయం దానికి కారణం.

సీబీఎస్‌ఈ గ్రేడ్లలో ఒక సూక్ష్మం ఉంది. ఏ1 అంటే ఇన్ని మార్కులని కాదు. ఆ సబ్జెక్టులో ఉత్తీర్ణులైనవారందరిలో పైనున్న ఎనిమిదో వంతుకు వచ్చే గ్రేడ్ అది. మార్కులు ఎంత ఉబ్బినా ఆ వాటా మారదు. అందుకే కొన్ని యూనివర్సిటీలు సీబీఎస్‌ఈ విషయంలో శాతం కంటే గ్రేడ్‌నే ఎక్కువగా నమ్ముతాయి. కేంబ్రిడ్జి అడిగేది ఐదు సబ్జెక్టుల్లో ఏ1.

తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్‌కు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. మొదటి ఏడాది కూడా బోర్డు పరీక్షే కాబట్టి, దరఖాస్తు నాటికి విద్యార్థి చేతిలో నిజమైన మార్కులుంటాయి. ఏఎస్ పోయాక ఇంగ్లండ్ విద్యార్థికి లేని ఆధారం ఇది. రెండో ఏడాదికి అంచనా మార్కుల్ని మాత్రం కాలేజీ రాసివ్వాలి. ఇంటర్ కాలేజీల్లో ఆ అలవాటు పెద్దగా లేదు కాబట్టి, లెక్చరర్లకు ముందే విషయం చెప్పి, కాలేజీ పరీక్షల మార్కుల ఆధారంగా రాయించుకోవలసి ఉంటుంది.

గ్రూపు ఎంపిక దగ్గరే అసలు దారి మలుపు తిరుగుతుంది. ఇంటర్‌లో ఎకనామిక్స్ ఉండే ప్రధాన గ్రూపుల్లో ఎంఈసీలో గణితం ఉంది. సీఈసీ, హెచ్‌ఈసీలలో లేదు. ఎకనామిక్స్ మీద ఇష్టంతో సీఈసీ తీసుకుని 95 శాతం తెచ్చుకున్న విద్యార్థికి గణితం అడిగే బీఎస్సీ ఎకనామిక్స్ కోర్సుల తలుపు మూసుకుంటుంది. ఎకనామిక్స్ పుస్తకమే తెరవని ఎంపీసీ విద్యార్థికి అదే తలుపు తెరిచి ఉంటుంది.

ఈ నియమం లండన్‌కే పరిమితం కాదు. ఢిల్లీ యూనివర్సిటీ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు కూడా గణితం తప్పనిసరి. అక్కడ 2021 వరకు పన్నెండో తరగతిలో ఉత్తమ నాలుగు సబ్జెక్టుల సగటుతోనే సీట్లిచ్చేవారు. వేర్వేరు బోర్డుల మార్కులు పై అంచున పోగుపడి, ఆ ఏడాది కొన్ని కాలేజీల్లో కొన్ని కోర్సుల కటాఫ్ 100 శాతానికి చేరింది. 2022లో సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చాక పన్నెండో తరగతి మార్కులు ప్రధానంగా అర్హతకు పరిమితమయ్యాయి. సీటు తేల్చేది ఆ పరీక్షే. అందులో భాషతో పాటు గణితం పేపర్ రాయాలి. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల ఏర్పాటు ద్వారా ఇంటర్ మార్కులతోనే డిగ్రీ సీట్లు ఇస్తున్నారు. ఎకనామిక్స్ ఉన్న బీఏలో సీఈసీ, హెచ్‌ఈసీ విద్యార్థులు చేరవచ్చు.

ఢిల్లీ, కేంబ్రిడ్జి రెండు వేర్వేరు దారుల్లో ఒకే చోటికి వచ్చాయి. బోర్డు గ్రేడ్లు పై అంచున కిక్కిరిసిపోతే, వాటిని ప్రధానంగా అర్హతకు ఉంచుకుని ఎంపికలో ఉమ్మడి పరీక్షను ఆశ్రయించాయి. తేడా ఏమిటంటే ఢిల్లీలో ఆ పరీక్ష స్కోరే తుది మాట. బ్రిటన్‌లో అది గ్రేడ్లు, సబ్జెక్టులు, నేపథ్యంతో కలిపి తూచే కొలతల్లో ఒకటి. రెండు చోట్లా మారనిది ఒక్కటే: ఎకనామిక్స్ సీటు కోరేవారి మార్కుల జాబితాలో ముందుగా వెతికేది లెక్కల వరుసే.